పేడ శకునం

ముత్యాలు అనే ఆవు కొత్త ఇంట్లో కాలు పెట్టగానే పేడ వేస్తుందనీ, అది పేడ వేసిన ఇంట్లో లక్ష్మి తిష్ఠ వేస్తుందనీ హన్మకొండలో చాలామంది నమ్మేవాళ్లు. నేను పశువుల డాక్టర్ని. నేను దాన్ని విరేచనం అంటాను.

ఈ మాట పదిమందిలో అన్నందుకు నాకు చెడ్డపేరు వచ్చింది. "సుభాషిణి మేడం మంచిదే గని నోరే మంచిది గాదు" అని మా దవాఖాన అసిస్టెంటు వెంకట్రాజం నా వెనక అంటాడని నాకు తెలుసు. అననివ్వండి. బర్రెలకు అన్నం పెట్టొద్దనీ, గొర్రెలకు నట్టల మందు బరువును బట్టి తాగించాలనీ, కుక్కకు లడ్డూలు మేపొద్దనీ పద్దెనిమిదేళ్లుగా చెప్పీ చెప్పీ నా గొంతు ఎండిపోయింది. విన్నట్టే వింటారు. ఇంటికి వెళ్లి అత్తనో అమ్మనో అడిగి మళ్లీ మొదటికి వస్తారు.

మా వైపు కొత్త ఇల్లు కడితే ముందుగా ఆవూ దూడా లోపలికి వెళ్లాలి. ఆ వెనకే ఇంటివాళ్లు కుడికాలు పెడతారు. లోపల ఆవు పేడ వేసి, పంచితం పోస్తే ఇక ఆ ఇంటికి తిరుగులేదంటారు. వెనకట ఆవు పక్క కొట్టంలోనే ఉండేది. ఇప్పటి కాలనీల్లో కార్లు పెట్టుకోవడానికే చోటు లేదు, ఆవు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని వంటవాళ్లను మాట్లాడుకున్నట్టే ఆవునూ మాట్లాడుకుంటారు. ముత్యాలు అలా పిలిస్తే వచ్చే ఆవు.

దాని యజమాని యాకయ్య. రఘునాథపల్లి దగ్గర కౌలు చేసేవాడు. బోరు ఎండిపోతే భార్య చిలుకమ్మనూ ఆవునూ వెంటబెట్టుకుని వచ్చి ఎనుమాముల మార్కెట్ వెనక రేకుల షెడ్డులో ఉంటున్నాడు. చిలుకమ్మ మిర్చి తొడిమలు తీసే పనికి పోతుంది. యాకయ్య ఆవునూ దూడనూ ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని ముహూర్తాలకు తిరుగుతాడు. మనిషి మెత్తన. ఆవును ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. అయినా దాన్ని చంపడానికి చేయాల్సిందంతా ప్రేమతోనే చేశాడు. అదే నా కడుపుమంట.

నిరుడు వానాకాలం చివర మొదటిసారి దాన్ని మా దవాఖానకు తెచ్చాడు. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది. వెంట్రుక బిరుసెక్కింది. తోక చుట్టూ పేడ అట్టలు కట్టింది. దూడ పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు.

"ఎన్ని దినాల నుంచి ఇట్ల పల్చగ పెడ్తాంది?" అని అడిగాను.

"ఏడాది దాటింది డాక్టరమ్మా," అన్నాడు, ఏదో బహుమతి గెలిచినట్టు. "ఏ ఇంటికి తీస్కపోయినా గడప దాటంగనే పెడ్తది. గందుకే అందరు మా ముత్యాలే గావాలంటరు."

"మరి ఇయ్యాల ఎందుకు తెచ్చినవ్?"

"జర బక్కగయింది. బలానికి సూదేస్తరేమోనని."

నాకు ఒళ్లు మండింది. పేడ తీసి పరీక్ష చేస్తే నట్టల పురుగుల గుడ్లు కుప్పలు కుప్పలుగా కనపడ్డాయి. ఎక్కడ మేపుతున్నావంటే, మార్కెట్ వెనక మురుగు నిలిచిన మడుగు ఒడ్డున అన్నాడు. అక్కడ గడ్డి ఎండాకాలంలోనూ పచ్చగా ఉంటుందట. ఉంటుంది మరి. ఆ గడ్డి మొదట్లో నత్తలూ ఉంటాయి. నత్తలో పెరిగిన పురుగు గడ్డికి అంటుకుంటుంది, గడ్డితో పాటు ఆవు కడుపులోకి పోతుంది, పిల్లగా ఉన్నప్పుడు పేగుల్ని తింటుంది, పెద్దయ్యాక పొట్ట గోడకు కరుచుకుని కూర్చుంటుంది. ఆవు తిన్నదంతా నీళ్లలా కిందికి పోతుంది. హన్మకొండ వాళ్లు దాన్ని చూసి దండం పెట్టుకుంటున్నారు.

ఇదంతా యాకయ్యకు చెప్పాను. మందు తాగించాను, మళ్లీ మూడు వారాలకు రమ్మన్నాను. మడుగు గడ్డి వద్దు, ఎండు చొప్ప కోసి వెయ్యి, గృహప్రవేశాల్లో బియ్యం, బెల్లం, పరమాన్నం ఏవీ పెట్టనివ్వకు అన్నాను. గంగిరెద్దులా తల ఊపాడు. అలా తల ఊపేవాళ్లను నేను నమ్మను, కానీ వేరే దారి ఏముంది.

మూడు నెలల తర్వాత ముత్యాలును చూస్తే నాకే ముచ్చటేసింది. దవడ వాపు దిగిపోయింది. ఒంటి మీద నిగారింపు వచ్చింది. మా దవాఖాన ముందే పేడ వేసింది, గట్టిగా, పొర మీద పొరగా. యాకయ్య మాత్రం ఎవరో పోయినట్టు మొహం పెట్టుకుని నిలబడ్డాడు.

"డాక్టరమ్మా, మీ మందుతోటి నా ఆవు చెడిపోయింది," అన్నాడు.

నేను సరిగ్గా విన్నానా అని వెంకట్రాజం వైపు చూశాను. వాడు నవ్వు ఆపుకుంటున్నాడు.

"ఏ ఇంట్ల పెడ్తలేదు. మొన్న కాజీపేటల అర్ధగంట నిలవెట్టిన. ఇంటామె ఏడ్వవట్టింది. పూజ చేసే అయ్యగారు నన్ను కోపం జేసిండు. అటెన్క ట్రాలీ ఎక్కి, రోడ్డు మీద పెట్టింది."

"అది మంచిగైందయ్యా. మంచిగున్న ఆవు దానికి బుద్ధి పుట్టినప్పుడు పెడ్తది, నీ ముహూర్తానికి పెట్టది."

"ఏదన్న జర పవర్ తక్కువ విరేచనాల మందు రాయరాదున్రి మేడం, ముహూర్తం దినానికి మట్టుకు," అన్నాడు వెంకట్రాజం, సాయం చేస్తున్నాననుకుని. ఇద్దరినీ కలిపి తిట్టాను. వెంకట్రాజం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. యాకయ్య దూడకు కూడా మందు తాగించుకుని, మరోసారి గంగిరెద్దులా తల ఊపి వెళ్లిపోయాడు. ఈసారి ఆ తల ఊపు వెనక ఏదో ఆలోచన ఉందని నేను కనిపెట్టి ఉండాల్సింది.

మాఘమాసంలో మంచి ముహూర్తం ఉన్న ఒక రోజు పొద్దున ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది. వరంగల్‌లో బట్టల దుకాణం ఉన్న రాజేశ్వర్ రావు గారు. హన్మకొండలో కొత్తగా కట్టిన మూడంతస్తుల ఇంటికి ఆరోజే గృహప్రవేశం.

"మేడం, మీరు జల్ది రావాలె. ఆవు హాల్ల పండుకున్నది. లేస్తలేదు."

వెళ్లేసరికి తెల్లటి పాలరాయి మీద ముత్యాలు పక్కకు ఒరిగి పడి ఉంది. ఎడమ డొక్క ఉబ్బి డోలులా ఉంది. కళ్లు లోపలికి పోయాయి. ముక్కు ఎండిపోయింది. నోట్లోంచి పుల్లటి వాసన. దూడ దాని చుట్టూ తిరుగుతూ అరుస్తోంది. పట్టుచీరల ఆడవాళ్లు గోడల వెంట నిలబడి చూస్తున్నారు. యాకయ్య ఆవు తలను తొడ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

రాజేశ్వర్ రావు గారు నన్ను పక్కకు పిలిచారు. "ముందుగాల దాన్ని బయటికి పంపించే ఉపాయం చూడున్రి మేడం. లోపట ఏమన్న అయితే మా ఇల్లు ఏమైతది?"

"మీ ఇంటికేం కాదు. ఆవుకు అయితాంది," అన్నాను. "దీనికి ఏం పెట్టిన్రు?"

"ఎక్కువేం పెట్టలే. పరమాన్నం, ఒక్క పిడికెడు."

"ఎవరు పెట్టిన్రు?"

ఆయన భార్య చెయ్యెత్తింది. ఒక్క పిడికెడే అంది. ఆమె చెల్లెలు, తనూ ఒక్క పిడికెడే. ఇద్దరు కోడళ్లు చెరో పిడికెడు. మేనత్త ఒక పిడికెడు, రెండు అరటిపండ్లు. పుణ్యం అందరికీ కావాలి కనుక పక్కింటి వాళ్లూ తలా ఒక పిడికెడు. నేను పద్నాలుగు దాకా లెక్కపెట్టి ఆపేశాను. ఒక్కరు కూడా అబద్ధం చెప్పడం లేదు. ప్రతి మనిషీ నిజంగానే ఒక్క పిడికెడే పెట్టారు.

"యాకయ్యా, ఇది ఎన్నో ఇల్లు?"

యాకయ్య తల ఎత్తలేదు. "నాలుగోది. నిన్న రాత్రి ముహూర్తం సంది తిరుగుతాంది."

"మిగిలిన మూడిండ్లల్ల?"

"ఒగ ఇంట్ల నానవెట్టిన బియ్యం, బెల్లం. ఒగ ఇంట్ల పరమాన్నం. ఇంకో ఇంట్ల శెనగలు."

"అంతకుముందు చొప్ప ఎప్పుడు ఏసినవ్?"

యాకయ్య ఆవు చెవి నిమిరాడు. తర్వాత చెప్పాడు. నిన్న పొద్దటి నుంచి ఏమీ వెయ్యలేదట. "ఆకలి మీదుంటెనే గద మనసుతోని తింటది. తింటెనే గద పెడ్తది. సంక్రాంతి దాటినంక రెండు మూడు మార్లు గట్లనే చేసిన. మంచిగనే పెట్టింది డాక్టరమ్మా."

అదీ ఆయన ఆలోచన. నేను నయం చేసిన కడుపును, ఖాళీగా ఎండబెట్టి, దాని మీద నాలుగిళ్ల బియ్యం పోస్తే మళ్లీ విరేచనం అవుతుందని సొంతంగా కనిపెట్టాడు. నా చదువంతా చదివినా ఇంతకంటే బాగా ఆవును చంపే పద్ధతి చెప్పలేను. ఆవు పొట్ట గడ్డిని మెల్లగా నానబెట్టి అరిగించుకునే కుండ. అందులో ఒక్కసారిగా బియ్యమూ బెల్లమూ పడితే, ఎండాకాలం మధ్యాహ్నం బయట మరిచిపోయిన దోసెల పిండిలా పులిసి పొంగుతుంది. ఆ పులుపు ఒంట్లో ఉన్న నీళ్లనంతా పొట్టలోకి లాగుతుంది. నెమరు ఆగుతుంది, కాళ్లు పడిపోతాయి, ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగుతుంది. ఇదే మాట ఊరూరా గోడల మీద రాయించాను. ఆ గోడలకు ఇప్పుడు ట్యూషన్ సెంటర్ల పోస్టర్లు అంటించి ఉన్నాయి.

గొంతులోంచి గొట్టం వేసి పొట్టలో పులిసిన నీళ్లు తీశాము. హాలంతా కంపు. పట్టుచీరలు మేడ మీదికి వెళ్లిపోయాయి. వంటవాళ్లు బజ్జీలకని తెచ్చుకున్న సోడా డబ్బా అడిగి తీసుకుని, గోరువెచ్చని నీళ్లలో కలిపి గొట్టంలోంచి పోశాను. సెలైన్ సీసా కట్టడానికి ఏమీ దొరక్కపోతే పూజగది గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టిన మేకుకే తగిలించాను. రాజేశ్వర్ రావు గారు ఏదో అనబోయారు. నా మొహం చూసి తోరణం తనే విప్పి పక్కన పెట్టారు.

"దీన్ని బతికియ్యున్రి డాక్టరమ్మా," అంటూ యాకయ్య ఏడుస్తున్నాడు. "పిల్లలు లేరు మాకు. ఇదే. ఇగ ఎవలింటికి తీస్కపోను."

నాకు జాలి కలిగింది, కోపం కూడా తగ్గలేదు. రెండూ ఒకేసారి ఉండటం నా ఉద్యోగంలో మామూలే. డొక్క నొక్కుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక ముత్యాలు పెద్దగా త్రేన్చింది. నాకు ఆ చప్పుడు కంటే తీయనిది ఇంకోటి ఉండదు. మెల్లగా ముందు కాళ్లు కూడదీసుకుంది. మేమంతా తోక పట్టి ఎత్తితే నిలబడింది. నిలబడగానే ఆ పాలరాయి నిండా బూడిదరంగు నురగ విరేచనం చేసింది.

రాజేశ్వర్ రావు గారు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని దగ్గరికి వచ్చి చూశారు. "మేడం, ఇది లెక్కకొస్తదా?" అని అడిగారు.

నేను చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాను.

ఆవు బతికింది. ఆ తర్వాత యాకయ్యకు ఒకటే షరతు పెట్టాను, ఇళ్లకు తీసుకుపోతే మూతికి చిక్కం ఉండాలని. వడ్లు తొక్కేటప్పుడు ఎడ్ల మూతికి వేసే వల లాంటిది. ఈసారి తల ఊపలేదు, చేసి చూపించాడు. కొబ్బరి తాడుతో తనే అల్లి, అంచుకు ఎర్ర గుడ్డ కూడా కుట్టాడు. మూతి కట్టేసిన ఆవు గడప దాటితే ఇంటివాళ్ల నోటికాడి కూడు పోతుందని ఎవరో అన్నారు. అంతే, పిలుపులు ఆగిపోయాయి. ముత్యాలును అడిగేవాళ్లు లేకుండా పోయారు, వేరే ఆవులు వచ్చాయి. అవి ఎన్ని పిడికిళ్లు తింటున్నాయో నాకు తెలియదు.

యాకయ్య మాత్రం పదిరోజులకోసారి మోదుగాకులో పేడ చుట్టుకుని పరీక్షకు తెచ్చేవాడు. "మంచిగున్నదా?" అని అడిగేవాడు. మంచిగానే ఉండేది. ఉగాది దాటాక ఒకరోజు ఆకు నా బల్ల మీద పెట్టి, "చిలుకమ్మ దీన్ని పశువుల అంగడికి తోలుమంటాంది," అన్నాడు. "పాలు అడుగంటినయ్. ఇంటి పిలుపులు లేవు. ఎన్నడు లేంది మొన్న మిర్చి కాడికెల్లి వచ్చి ఆవు మీద ఒర్రింది. ముసలి ఆవును అంగట్ల ఎవలు కొంటరో మీకు తెల్వదా డాక్టరమ్మా."

తెలుసు. కోతకు కొనేవాళ్లే కొంటారు. దాని కడుపు బాగు చేసింది నేను, దాని పని పోగొట్టిందీ నేను. ఆ క్షణంలో నోరు జారాను. హంటర్ రోడ్డు అవతల మా ఇల్లు పూర్తవుతోంది, వైశాఖంలో గృహప్రవేశం. "మా ఇంటికి పట్టుకరా," అన్నాను. "చిక్కం వద్దు. తిండి వద్దు. ముందు రాత్రి కడుపు నిండ చొప్ప ఎయ్యి. పదిమందిని పిలుస్త, రాజేశ్వర్ రావును గూడ పిలుస్త. డాక్టరింట్లనే ఏం పెట్టలేదని అందరు చూడాలె. చూస్తే మిగిలినోళ్లు గూడ గట్లనే పిలుస్తరు."

యాకయ్య నమ్మాడు. నా మాట ఒకరు పూర్తిగా నమ్మడం అదే మొదటిసారి అనుకుంటాను. అంగడి ముచ్చట అప్పటిదాకా ఆపమని చిలుకమ్మను ఒప్పించానని ఫోన్ చేసి చెప్పాడు కూడా.

నా కష్టం ఇంట్లో మొదలైంది. మా అత్తగారు లక్ష్మీనర్సమ్మ మంచి మనిషి. నాతో ఎన్నడూ గొడవ పెట్టుకోలేదు. వారం ముందు సాయంత్రం చిక్కుడుకాయలు తుంపుతూ మెల్లగా అన్నది.

"సుభా, నీకు చెప్పలే ఎన్నడు. నర్సంపేటల మీ మామ ఇల్లు కట్టిండు గదా. ఆ ఇంట్ల ఆవు పెట్టలే. నిలవడి నిలవడి ఎల్లిపోయింది. ఏడాది తిరగకముందే ఆయన పాయె."

"అత్తమ్మా, మామయ్యకు అప్పటికే షుగర్ ఉండె."

"ఉండె బిడ్డా. నేను కాదన్ననా." చిక్కుడుకాయల గిన్నె జరుపుకుంది. "శేఖర్‌కు గూడ మొన్ననే గాయె గద ఆపరేషన్. గంతే."

శేఖర్ మా ఆయన. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. మాఘం పోయాక ఒకరోజు క్లాసులో ఛాతీ పట్టుకుని కూర్చుండిపోతే గుండెలో స్టెంటు వేశారు. అత్తమ్మ మళ్లీ చిక్కుడుకాయలు తుంపసాగింది. ఆమె వాదిస్తే నేను గెలిచేదాన్ని. వాదించని మనిషితో ఏం చేస్తాం.

గృహప్రవేశం రోజు పొద్దున ఆరున్నరకే ఉక్కపోత. యాకయ్య ముత్యాలును కడిగి, కొమ్ములకు పసుపు రాసి, మెడలో గంట కట్టి తెచ్చాడు. కొత్త తెల్ల అంగీ వేసుకున్నాడు. వెనక చిలుకమ్మ దూడను పట్టుకుని నిలబడింది, ఇదేం తమాషానో చూద్దామన్నట్టు. గేటు దగ్గర నాతో గుసగుసగా అన్నాడు, "రాత్రి రెండు మోపులు తిన్నది డాక్టరమ్మా. పొద్దుగాల నీళ్లు గూడ తాగింది."

ఆవు లోపలికి వచ్చింది. హాలు మధ్యలో ఆగింది. దాని వెనక మేం, మా వెనక చుట్టాలు, రాజేశ్వర్ రావు గారు, ఆయన భార్య. అయ్యగారు మంత్రం చదివారు. అందరి కళ్లూ ఆవు తోక మీదే ఉన్నాయి.

అది తోక కదిలించింది. ఈగను తోలుకోవడానికి.

అయిదు నిమిషాలు. పది. ఆవు హాయిగా నెమరు వేస్తోంది. కడుపు నిండిన ఆవు ఎంత నిమ్మళంగా ఉండాలో అంత నిమ్మళంగా ఉంది. రాజేశ్వర్ రావు గారి భార్య పక్కనున్నావిడ చెవిలో ఏదో చెప్పింది. అయ్యగారు గడియారం చూశారు. "ఏదన్న జర నోటికి అందియ్యున్రి, కదుల్తది," అన్నారు.

"ఏం పెట్టం," అన్నాను.

అత్తమ్మ వెండి పళ్లెంలో పరమాన్నం పట్టుకుని నిలబడి ఉంది. దేవుడికి వండింది. నా వైపు చూడలేదు, అడగలేదు.  ఆమె చూస్తున్నది కొడుకు వైపు. నేనూ చూశాను. శేఖర్ పట్టుపంచె కట్టుకుని, ఆపరేషన్ తర్వాత వదులైన లాల్చీలో, చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు చూడగానే నాకు భయం వేసింది. ఎందుకు వేసిందని అడిగితే చెప్పలేను. నత్త గురించీ గడ్డి గురించీ నాకు తెలిసిందంతా అప్పుడు కూడా నాకు తెలుసు. 

పళ్లెంలోంచి పరమాన్నం తీసుకున్నది నా చెయ్యే. ఆవు వైపు రెండు అడుగులు వేశాను. అత్తమ్మ ఊపిరి పీల్చడం వినిపించింది.

"ఒక్క పిడికెడే గదా," అన్నాను.

ఎవరితో అన్నానో తెలియదు. పద్దెనిమిదేళ్లుగా నేను ఎవరెవరి నోట విని పళ్లు కొరుక్కున్నానో, అదే మాట, అదే గొంతు.

ముత్యాలు మెడ చాచింది. నాలుక బయటికి వచ్చింది. అప్పుడు యాకయ్య తన అరచేతిని దాని మూతికి అడ్డం పెట్టాడు.

"వద్దు డాక్టరమ్మా," అన్నాడు. గట్టిగా అనలేదు. "మీరే చెప్పిన్రు."

హాలు మొత్తం విన్నది. ఆవు అతని చెయ్యి నాకింది. యాకయ్య చెయ్యి తీయలేదు, నా వైపు చూస్తూనే ఉన్నాడు. ఆ చూపులో తప్పు పట్టడం లేదు. భయం ఉంది. నేను ఇంకొక్క అడుగు వేస్తే అతను ఆపలేడు, పిలిచినవాళ్ల ఇల్లు, డాక్టరమ్మ చెయ్యి. ఆ అడుగుతో పాటే ముత్యాలు అంగడికి పోతుంది. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

నేను వెనక్కి జరిగాను. చేతిని చీర కుచ్చిళ్ల వెనక దాచుకున్నాను.

"కాలు పెట్టింది చాలు అయ్యగారూ," అన్నది ఎవరో కాదు, మా అత్తమ్మ. పళ్లెం తీసుకెళ్లి దేవుడి ముందు పెట్టింది. "మేం లోపటికి వచ్చినం గద. కానియ్యున్రి."

యాకయ్య ఆవును తిప్పుకుని బయటికి నడిపించాడు. గేటు దాటి, ట్రాలీ దాకా వెళ్లి, అక్కడ ఆగి ముత్యాలు తోక ఎత్తింది. సిమెంటు రోడ్డు మీద, గట్టిగా, పొర మీద పొరగా పేడ వేసింది. నేను కిటికీలోంచి చూశాను. అంత ఆరోగ్యమైన పేడ ఈ ఏడాదిలో చూడలేదు. రాజేశ్వర్ రావు గారు కూడా చూశారు.

"గేటు బయట పెడ్తే లెక్కకొస్తదా అయ్యగారూ?" అని అడిగారు.

అయ్యగారు ఆలోచిస్తున్నారు. ఆయన ఏం చెబుతాడా అని నేను కూడా చెవులు రిక్కించి ఉన్నానని తెలిసి నా మీద నాకే ఒళ్లు మండింది. ఆయన చెప్పేలోపే అత్తమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాటి, వంగి, రెండు చేతులతో ఆ పేడ ఎత్తుకొచ్చింది. "కళ్లాపికి," అంది మా అందరితో. 

యాకయ్య దూడను ట్రాలీ ఎక్కించి మళ్లీ లోపలికి వచ్చాడు. రాజేశ్వర్ రావు గారి తమ్ముడు పక్క వీధిలో ఇల్లు కడుతున్నాడట, జ్యేష్ఠంలో ముహూర్తం. రాజేశ్వర్ రావు గారికి వినబడేలా, యాకయ్య నా ముందు నిలబడి చెప్పాడు.

"ఇగ నాకు ఫికర్ లేదు డాక్టరమ్మా. ఎవలన్న పిడికెడు పట్టుకొస్తే ఒక్కటే మాట చెప్త. డాక్టరమ్మ సొంత ఇంట్లనే ఏం పెట్టలే, నా కండ్ల ముంగట్నే అని."

చిలుకమ్మ అతని వెనక నిలబడి నా చీర కుచ్చిళ్ల వైపు చూస్తోంది. నా పిడికిలి ఇంకా మూసే ఉంది. వేళ్ల సందుల్లోంచి నెయ్యి కారుతోంది. ఎక్కడ పడేయాలో తోచలేదు, దేవుడికి వండింది.

"చెప్పు," అన్నాను. అందరి ముందే చెయ్యి ముందుకు తెచ్చి, ఆ పరమాన్నం నేనే తినేశాను.